సీరియల్ అయిపోయిన మరునాడు



ఈ నెల మనము మాట్లాడుకోబోయే సంగతి కొందరికి నవ్వులాటగా తోచవచ్చు. ఏళ్ళ తరబడి ప్రతి సాయంత్రము చూచిన టీవీ ధారావాహిక ఒకనాడు అయిపోతుంది. తెర మీద "శుభం" పడుతుంది. మరునాడు అదే వేళకు ఆ ఇంటివారు ఏమి చేస్తారు? ఎవరి కథలోనికి వలస పోతారు? ఇదేమంత పెద్ద విషయమని అడిగేవారు ఒక్కసారి మా కారేపల్లి ప్రక్కన ఏ ఊరికైనా, ఏ తండాకైనా దీపాలు పెట్టే వేళకు వచ్చి చూడాలి.

స్టార్ మా ఛానెల్‌లో "కార్తీక దీపం" 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. జనవరి అంటే మన దిక్కున మిరపకాయ ఏరే కాలము. తెల్లవారుజామునే ఆటో ఎక్కిన స్త్రీలు పొద్దు గూకే వేళకు మండుతున్న చేతులతో ఇల్లు చేరతారు. నీళ్ళు పోసుకొని, పొయ్యి మీద అన్నము పెట్టి, ఏడున్నర అయ్యేసరికి టీవీ ముందు కూర్చుంటారు. ఆ అరగంట మగవారు అన్నము అడగరు, పిల్లలు గొడవ చేయరు. దీప ఎక్కడ ఉన్నది, డాక్టర్ బాబు నిజము తెలుసుకున్నాడా, మోనిత ఈసారి ఏమి కుట్ర పన్నింది, ఇవే మరునాడు చేలో సాలు వెంట నడిచే మాటలు. ఇంటిలో లంబాడీ మాట్లాడుకొనే తండాలోనూ, కోయ గూడెములోనూ ఈ పేర్లు తెలియనివారు అరుదు. మన క్రైస్తవ గృహములలో కుటుంబ ప్రార్థన ఏడింటికి జరుగుతుందా, ఎనిమిదింటికి జరుగుతుందా అన్నది కూడా ఆ ఇంట ఏ సీరియల్ చూస్తారో దానిని బట్టి చెప్పవచ్చునని ఒక కాపరి నవ్వుతూ అన్నారు. ఆయన నవ్వులో కొంత బాధ కూడా ఉన్నది లెండి.

ఆ కథ ముగిసిన మరునాటి సాయంత్రమే, అదే వేళకు, అదే ఛానెల్‌లో "బ్రహ్మముడి" మొదలయింది. ఒక్క రోజు కూడా ఖాళీ ఇవ్వలేదు. ఖాళీ ఇస్తే చేయి రిమోటు మీదికి పోతుందని టీవీవారికి తెలియనిది కాదు. అయినా అందరూ వెంటనే క్రొత్త కథలో కుదురుకోలేదు. ఒక పెద్దమ్మ అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తున్నది: "కొత్త సుట్టాలు ఇంటికొచ్చినట్టున్నదయ్యా. కాళ్ళకు నీళ్ళిద్దామంటే మనసొప్పుతలేదు." ఇంకొకామె వారము రోజులు టీవీయే పెట్టలేదట. ఆమె కోడలు మాత్రము మొదటి రోజునే క్రొత్త కథానాయిక పేరు నేర్చుకొని, ఆమె కట్టిన చీర రంగు కూడా చెప్పగలిగింది.

ఈ బాధను మేము తేలికగా తీసివేయలేము. "కార్తీక దీపం" పదిహేను వందల భాగములకు మించి సాగింది. భాగానికి అరగంట వేసుకున్నా, ప్రకటనలతో కలిపి ఏడు వందల యాభై గంటలు దాటుతుంది. ఇల్లెందుకో ఖమ్మానికో ఇచ్చిన కూతురు పండుగకు వస్తుంది, రెండు రోజులు ఉండి పోతుంది. దీప వారములో ఆరు రోజులు వచ్చింది. పైగా ఆ కథలో మన స్త్రీలకు తగిలిన సంగతి ఒకటున్నది. నల్లగా పుట్టినందుకు చిన్నచూపు చూడబడిన స్త్రీ, భర్త అనుమానించగా ఇల్లు విడిచి, నాలుగిళ్ళకు వంట చేసి బిడ్డను పెంచుకున్న స్త్రీ. పెండ్లి చూపులలో రంగును గూర్చిన మాట పడని ఆడపిల్ల మన ఊళ్ళలో ఎంతమంది? అందుకే ఆ పాత్రను దీప అని పిలిచినవారి కన్న "వంటలక్క" అని పిలిచినవారు ఎక్కువ. బడిలో మధ్యాహ్న భోజనము వండే ఆమెను కూడా పిల్లలు అదే పేరుతో పిలిచారు. ఆమె కోపగించుకోలేదు సరికదా, కొంచెము గర్వపడింది.

ఆ పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ కేరళ నటి. ఈ కథకు మూలమైన మలయాళ ధారావాహిక "కరుత్తముత్తు"లోనూ మొదట ఆ పాత్ర ధరించినది ఆమెయే. ఎక్కడి కేరళ, ఎక్కడి కారేపల్లి! మిరప చేలో పనిచేసే స్త్రీ ఆమెను తన తోడికోడలు అన్నంత చనువుగా తలచుకొన్నది.

అభిమానము ఒక కథ నుండి ఇంకొక కథకు మారడము టీవీతో మొదలైనది కాదు. మన పాఠకులలో అరువది దాటినవారికి వారపత్రికల కాలము గుర్తుండే ఉంటుంది. ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, ఆంధ్రజ్యోతి, ఆంధ్రభూమి. ఊరిలో ఒక ఉపాధ్యాయుని ఇంటికో, పోస్టుమాస్టరు ఇంటికో ఒక ప్రతి వచ్చేది. అది పది చేతులు మారేది. యండమూరి వీరేంద్రనాథ్ "తులసిదళం" ఆంధ్రభూమిలో వస్తున్నప్పుడు రాత్రిపూట చదవడానికి భయపడుతూనే చదివినవారున్నారు. అది అయిపోయిన తరువాత వారు మరొక చేతబడి కథను వెదుక్కొని పోలేదు, యండమూరి పేరును వెదుక్కొని పోయారు. యద్దనపూడి సులోచనారాణి పాఠకులు కూడా అంతే. ఆమె నవలలు "మీనా", "జీవన తరంగాలు" 1973లోనూ, "సెక్రటరీ" 1976లోనూ సినిమాలైనప్పుడు పత్రిక చదివిన చేతులే టిక్కెట్టు కొన్నాయి. తరువాత ఆమె కథలు టీవీకి వచ్చినప్పుడు ఆ పాఠకులలో కొందరు అక్కడికీ వెంట వచ్చారు. ఆమె 2018లో కన్నుమూసిన నాడు, పత్రిక కొనడము ఎన్నడో మానివేసినవారు కూడా ఆమె నవలల పేర్లు వరుసగా చెప్పుకున్నారు.

ఆ కాలమునకు ఒక వెసులుబాటు ఉండేది. వారము వారము సీరియల్ పుటలను జాగ్రత్తగా చింపి, దారముతో కుట్టి, అట్ట వేయించి దాచుకునేవారు. కథ ముగిసేసరికి చేతిలో ఒక పుస్తకము ఉండేది. పెండ్లయి అత్తవారింటికి పోయే పిల్ల ట్రంకుపెట్టెలో చీరల క్రింద అటువంటి కుట్టు పుస్తకము ఒకటి ఉండడము మామూలే. టీవీ కథ అలా చేతిలో ఏమీ మిగల్చలేదు. పాట వినిపించింది, బొమ్మ కనిపించింది, పోయింది.

1987 జనవరిలో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ "రామాయణ్" మొదలయింది, ఆదివారము ఉదయము. ఆదివారము ఉదయమంటే ఏమిటో ఈ పత్రిక పాఠకులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. అది 1988 జూలై వరకు నడిచింది. అదే సంవత్సరము అక్టోబరు 2న బి. ఆర్. చోప్రా "మహాభారత్" మొదలై 1990 జూన్ దాకా సాగింది. ఆ మూడేళ్ళు గుడి గంట, టీవీలో శంఖము ఇంచుమించు ఒకే వేళకు వినిపించేవని పెద్దలు చెబుతారు. అప్పుడు టీవీ అందరికీ లేదు. పంచాయతీ ఆఫీసులోనో, ఒక మోతుబరి ఇంటి వసారాలోనో ఒక పెట్టె. దాని ముందు ఊరంతా. హిందీ రాని ముసలివారు కూడా కూర్చున్నారు. కథ ముందే తెలుసు గనుక భాష అడ్డము కాలేదు.

"రామాయణ్" ముగియబోతున్నదని తెలిసినప్పుడు పంజాబులోని జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. ఉత్తరకాండ కూడా చూపించాలని వారి కోరిక. సమ్మె ఇతర పట్టణములకు ప్రాకింది. చివరకు లవకుశుల కథ కూడా తీశారు. జీతము కోసము కాదు, ఒక కథ అయిపోకూడదని వీధులు ఊడ్చేవారు చీపుళ్ళు క్రింద పెట్టారు! దీనిని కొందరు వెర్రి అన్నారు. ఊరి మురికి ఎత్తేవారికి వారమునకు ఒక్క గంట అందరితో సమానముగా కూర్చునే చోటు దొరికినప్పుడు, అది మూసివేస్తామంటే వారు ఊరుకోకపోవడము మాకు వెర్రిగా కనిపించదు.

తెర మీది వారి వెంట ప్రజలు ఎంత దూరము పోతారో కూడా అక్కడే కనబడింది. సీత పాత్ర వేసిన దీపికా చిఖలియా 1991లో, కృష్ణుని పాత్ర వేసిన నితీష్ భరద్వాజ్ 1996లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. రాముని పాత్ర వేసిన అరుణ్ గోవిల్ అయితే 2024లో, అంటే ఆ ధారావాహిక ముగిసిన ముప్పది ఆరేళ్ళకు! మన తెలుగువారికి ఇది వింతేమీ కాదు. 1982లో ఎన్.టి. రామారావు పార్టీ పెట్టినప్పుడు సినిమా హాలు ముందు తోరణములు కట్టిన అభిమాన సంఘములు జెండా మార్చి గోడలకు సున్నము పూశాయి. మగవారి అభిమానములో వంశము కూడా ఉంటుంది. తండ్రి సినిమాలు తగ్గితే కొడుకు, కొడుకు తరువాత మనుమడు. ఇల్లు మారదు, గది మారుతుంది.

స్త్రీల వలస అలాంటిది కాదు. అందుకు మంచి ఉదాహరణ దర్శకురాలు మంజులా నాయుడు తీసిన ధారావాహికలు. 1990లలో హైదరాబాదు దూరదర్శన్‌లో "ఋతురాగాలు" వచ్చింది. ఆ పాట వినిపించగానే వాకిట్లో ఉన్నవారు లోపలికి పరుగెత్తేవారు. తరువాత జెమిని టీవీలో 2003 నుండి 2008 వరకు "చక్రవాకం". అది ముగిసిన 2008లోనే "మొగలిరేకులు" మొదలై 2013 మే దాకా నడిచింది. లెక్క చూచుకుంటే, చక్రవాకం మొదలైన ఏట పుట్టిన బిడ్డ మొగలిరేకులు ముగిసేనాటికి నాలుగో తరగతి చదువుతూ ఉంటుంది.

చక్రవాకం అయిపోతున్నదని స్త్రీలు దిగులు పడినది నిజమే. కాని ఆ దిగులు ఎక్కువ కాలము నిలువలేదు. కారణము, వారు దాటవలసిన వాగు మీద వంతెన వేసి ఉన్నది. దర్శకురాలు ఆమెయే, మాటల తీరు అదే, ఛానెల్ అదే. చక్రవాకములో నాయకుడైన ఇంద్రనీల్ మొగలిరేకులులో కూడా కనిపించాడు. పరాయి ఊరికి పోయినప్పుడు అక్కడ మన ఊరివాడు ఒక్కడు కనిపిస్తే ఎంత ధైర్యము! సాగర్‌ను, ఆర్.కె. నాయుడు పాత్రను, ఆ పాత ముఖము తోడుగా ఉండగానే ఇంటివారు అలవాటు చేసుకున్నారు. తరువాత ఆ నాయుడే ఇంటి పెద్దకొడుకు అయ్యాడు.

కారేపల్లి జంక్షనులో బండి మారినవారికి ఇది సులభముగా అర్థమవుతుంది. ఒక దారి కొత్తగూడెము వైపు, ఒక దారి ఇల్లెందు గనుల వైపు. ఏ బండి ఎటు పోతుందో తెలియని ప్రయాణికుడు బోర్డు చదవడు. తన ప్రక్కన కూర్చున్నవారు ఎటు దిగి నడుస్తున్నారో చూస్తాడు.

మొగలిరేకులు తరువాత ఆ గుంపు చీలిందని మేము అనుకుంటున్నాము. అప్పటికి ఈటీవీ, మా, జీ తెలుగు అన్నీ సాయంత్రము ఆరు నుండి పది వరకు కథలతో నిండిపోయాయి. ఒకామె ఇటు, ఒకామె అటు. అత్తగారికి ఒకటి, కోడలికి ఒకటి. రిమోటు కోసము తగవులు మొదలైన కాలము కూడా అదే.

ముఖము వెంట పోయే అభిమానము ఎక్కడ దాకా పోతుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది చిత్రమైన సంగతి. హిందీ నుండి తెలుగులోకి మార్చి మా టీవీలో చూపిన "చిన్నారి పెళ్ళికూతురు"లో ఆనందిగా నటించిన పిల్ల అవికా గోర్. 2013 క్రిస్మస్ నాడు ఆమె కథానాయికగా "ఉయ్యాల జంపాల" సినిమా విడుదలయింది. "మన ఆనంది పెద్దదైంది" అంటూ ఆడవారు హాలుకు కదిలారు. ఆ పాత్రను పెద్దయిన తరువాత ధరించిన ప్రత్యూష బెనర్జీ 2016లో చిన్న వయస్సులోనే మరణించినప్పుడు, ఆమె అసలు పేరు ఎన్నడూ వినని ఇండ్లలో "ఆనంది పోయిందట" అని కన్నీరు పెట్టుకున్నారు. మొగలిరేకులు సాగర్ కూడా 2016లో "సిద్ధార్థ", 2021లో "షాదీ ముబారక్" చేశాడు. అతనికి సినిమాలో అంతటి ఆదరణ కనిపించలేదు. మా ఊహ ఏమనగా, ఆనందిని చూడడానికి పోయినవారు పెరిగిన పిల్లను చూడబోయారు. ఆర్.కె. నాయుడు అప్పటికే పెద్దవాడు, ప్రతి రాత్రి తానే ఇంటికి వచ్చినవాడు. ఇంటికి వచ్చేవానిని చూడడానికి బస్సెక్కి పోవాలని ఎవరికి తోస్తుంది?

మన యువకులు దీనినంతా ఆడవారి పిచ్చి అని తీసివేస్తారు గాని, వారి సంగతి కూడా మేము చూచాము. ఐపీఎల్ క్రికెట్‌లో 2008 నుండి హైదరాబాదు పేరిట డెక్కన్ ఛార్జర్స్ జట్టు ఆడింది. 2009లో కప్పు కూడా గెలిచింది. 2012 సెప్టెంబరులో ఆ జట్టు రద్దయింది. 2013లో సన్‌రైజర్స్ వచ్చింది. యజమానులు వేరు, చొక్కా రంగు వేరు. పాత జట్టు పేరుతో ప్రాణమిచ్చిన అబ్బాయిలు ఒక్క వేసవిలో నారింజ రంగు చొక్కాలోనికి మారిపోయారు. ఊరు పేరు మిగిలింది, అదే చాలింది. దీనిని ఎవరూ పిచ్చి అనలేదు.

2020 మార్చిలో కరోనా వచ్చి షూటింగులు ఆగిపోయాయి. ఏ కథా ముగియలేదు, అన్నీ సగములో నిలిచాయి. మార్చి 28 నుండి దూరదర్శన్ మళ్ళీ "రామాయణ్" వేసింది. ఇతర ఛానెళ్ళవారు పాత భాగములు త్రిప్పి త్రిప్పి వేశారు. చూచినదే అయినా, ముందు ఏమి జరుగుతుందో తెలిసినా, వేళ అయ్యేసరికి మన ఇండ్లలో టీవీ పెట్టారు. క్రొత్త కథ లేదు, అయినా ఆ ఏడున్నర ఉన్నది. పనీ పాటా లేని ఆ దినములలో, గుడి తలుపులు కూడా మూసి ఉన్నప్పుడు, ఇప్పుడు ఉదయమా సాయంత్రమా అని చెప్పినది కొన్ని ఇండ్లలో ఆ పాటయే.

ఇక వంటలక్క దగ్గరికి వద్దాము. 2022 మార్చిలో ఆ కథలో ఒక పెద్ద మలుపు తెచ్చారు. కార్తీక్, దీప ప్రమాదములో చనిపోయినట్లు చూపి, వారి పిల్లలు హిమ, శౌర్య పెద్దవారైనట్లు కథను ముందుకు నడిపారు. కథ అయిపోలేదు, పేరు మారలేదు, పాట మారలేదు. అయినా చూచేవారు జారిపోయారు. కొన్ని నెలలకు దీప బ్రతికే ఉన్నదని చెప్పి మళ్ళీ తీసుకు వచ్చారు. అంటే ఒకే కథ అభిమానులకు రెండుసార్లు అయిపోయింది. మొదటిసారి ముందుగా చెప్పకుండా, రెండవసారి చెప్పి. మొదటిదే వారిని ఎక్కువ నొప్పించింది. చెప్పకుండా పోయిన చుట్టము మీద ఉండే కోపము అది. 2024 మార్చిలో "కార్తీక దీపం – ఇది నవ వసంతం" వచ్చింది. పేర్లు అవే, ముఖములు అవే, కథ మాత్రము వేరు. చాలామంది సంతోషముగా తిరిగి వచ్చారు. పైన చెప్పిన పెద్దమ్మ మాత్రము నాలుగు రోజులు చూచి, "ఆమెనే గాని ఆమె కాదు" అన్నది. ఆమెకు పాత సంగతులన్నీ గుర్తున్నాయి. కొత్త దీపకు అవేవీ గుర్తు లేవు. ఆ బాధ మాకు అర్థమైంది.

అయితే మేము ఇంత దూరము వ్రాసినది ఒక సంగతి కోసము. ఇంతకు మునుపు కథ అయిపోతే గుంపు గుంపుగా కదిలేవారు. ఒకామె క్రొత్తది బాగున్నదంటే ప్రక్కింటామె చూచేది, ఆమె మాట విని చేలో నలుగురు చూచేవారు. నెల తిరిగేసరికి అందరూ మళ్ళీ ఒక చోట చేరేవారు. 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టు చౌక అయిన తరువాత ప్రతి చేతిలో ఒక తెర ఉన్నది. సీరియల్ అయిపోయిన మరునాడు కొడుకు ఒక వైపు, కోడలు ఒక వైపు, మనుమడు ఒక వైపు వెళ్ళిపోతారు. కోడలు క్రొత్త సీరియల్‌నే చూచినా, డబ్బు కట్టినవారికి ఫోనులో ముందే వస్తుంది గనుక పగలే చూచేస్తుంది. సాయంత్రము అత్తగారు "ఏమయితదో" అని ఎదురు చూస్తూ ఉంటే, కోడలికి ఏమవుతుందో తెలుసు. తెలిసి ఊరుకోవాలి, లేకుంటే చెప్పి పాడు చేయాలి. ఇద్దరూ కలిసి ఆశ్చర్యపోయే ఆ ఒక్క క్షణము పోయింది. అత్తాకోడండ్ర మధ్య మాట కలిపే సంగతులు మన ఇండ్లలో అంత ఎక్కువేమీ లేవని పాఠకులకు తెలుసు. వాటిలో ఒకటి ఇలా తగ్గింది.

కొన్ని ఇండ్లలో పెద్దవారు మాత్రమే టీవీ దగ్గర మిగిలిపోయారు. వారికి క్రొత్త కథలోనికి దాటడము కష్టమైనది కథ బాగుండక కాదు. దాటించే చేయి ప్రక్కన లేక. ఎవరు ఎవరికి ఏమవుతారో మొదటి పది రోజులు ఎవరైనా విప్పి చెప్పాలి. ఈమె ఆయన రెండవ భార్య, వాడు మంచివాడే కాని అలా కనిపిస్తాడు, ఈ పిల్ల వాళ్ళ పిల్ల కాదు. ఇదివరకు చేలో పనివారు చెప్పేవారు, మనుమరాలు చెప్పేది. ఇప్పుడు అడిగితే "నువ్వు చూడు నాయనమ్మా, తెలుస్తది" అంటున్నారు. ఆమె చూస్తుంది. తెలియదు. ఛానెల్ మార్చడము రాక, ఆ బొమ్మలను అలాగే చూస్తూ కూర్చుంటుంది.

సీరియళ్ళు చూడడము మంచిదా చెడ్డదా అని ఈ శీర్షికకు కొందరు పాఠకులు ఉత్తరములు వ్రాస్తూ ఉంటారు. దానిని గూర్చి వేరే నెల వ్రాయవచ్చు. ఇక్కడ మేము చెప్పదలచినది అది కాదు. అయిపోయిన కథ వెనుక ఒక మనిషి మిగిలి ఉండవచ్చు. ఆ మనిషి మీ ఇంటిలోనే, వెనుక గదిలో, మంచము మీద ఉండవచ్చు.

మా ఎరుకలో ఒక కూతురు ఉన్నది. ఖమ్మములో కాపురము. తల్లి ఇక్కడ ఒక్కతే. కార్తీక దీపం వచ్చినన్నాళ్ళు రాత్రి ఎనిమిదింటికి తల్లీకూతుళ్ళు ఫోనులో ఆనాటి భాగము చెప్పుకొనేవారు. ఇద్దరూ చూచినదే, అయినా చెప్పుకొనేవారు. ఆ మాటలలోనే మోకాలి నొప్పి, బీపీ బిళ్ళలు, మేక ఈనిన సంగతి, ఇంటి పన్ను, అన్నీ వచ్చేవి. సీరియల్ అయిపోయిన తరువాత ఫోను పలుచబడింది. "తిన్నవా?" "తిన్న." "పడుకో." అంతే. నెల రోజులు అలా గడిచాక ఆ పిల్లకు ఒక ఆలోచన వచ్చింది. క్రొత్త సీరియల్ చూచే తీరిక ఆమెకు లేదు, ఇష్టము కూడా లేదు. అయినా ఎనిమిదింటికి ఫోను చేసి, "అమ్మా, నాకు కుదరలే. ఇయ్యాల ఏమయింది?" అని అడగడము మొదలుపెట్టింది.

మొదటి రోజు తల్లి సరిగా చెప్పలేకపోయింది. పేర్లు తడబడ్డాయి. రెండవ రోజు కొంచెము శ్రద్ధగా చూచింది, చెప్పాలి గదా. వారము తిరిగేసరికి బ్రహ్మముడిలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆమెకు తెలిసిపోయింది. కావ్య అన్న పేరు మాత్రము నోటికి రాలేదు. ఇప్పటికీ ఆమె మాట ఇలాగే మొదలవుతుందట: "మన వంటలక్క అసుంటిదే బిడ్డా, కాకపోతే ఈమె బొమ్మలకు రంగులేస్తది. ఇయ్యాల ఏమయిందో ఇను…"